ఒక మనిషికి ఒక జబ్బు చాలదా

ఎర్ర దీపం వెలిగింది. ఇక ఈ గంటసేపు నేను లేను. నా గొంతు ఉంటుంది, నా నాలుక ఉంటుంది, అందులోంచి వచ్చే ‘నేను’ మాత్రం కింద వేదిక మీద నీలం కోటు వేసుకుని నిలబడ్డ ఆ డాక్టరుది. దుబాసీల పనిలో మొదటి నియమం ఇదే. వక్త ‘నేను’ అంటే మనమూ ‘నేను’ అనాలి, ‘ఆయన ఇలా అంటున్నారు’ అనకూడదు. హాలు వెనక గోడకి పావురాల గూడులా తగిలించిన ఈ అద్దాల గదిలో కూర్చుని ఎందరెందరో అయ్యాను. మంత్రినయ్యాను, సిమెంటు అమ్మేవాణ్ణయ్యాను, ఒకసారి రెండు కంపెనీలవాళ్ళు పోట్లాడుకుంటుంటే ఇద్దరి తరఫునా నేనే అయి నన్ను నేనే తిట్టుకున్నాను. ఇవాళ నా భార్యను చంపినవాణ్ణి అవుతున్నాను. చంపినవాడు అనడం పెద్ద మాటేమో. మంచివాళ్ళు అలాగే అంటారు, అంత మాట అనకండి, ఆయన మాత్రం ఏం చేస్తాడు అంటారు. నేనూ మంచివాణ్ణేనని పేరు, ఆ పేరు మోసి మోసి భుజం కాయ కాచింది. ఈ గంటకి దించి పక్కన పెట్టాను.

పక్క కుర్చీలో నా జోడీ ఉంది. మేం ఇద్దరిద్దరం పనిచేస్తాం, అరగంట ఒకరు, అరగంట ఒకరు, అంతకు మించితే బుర్ర వేడెక్కి మాట మీద మాట పడిపోతుంది. ఈవిడ మైకు ముందు ఆగకుండా మాట్లాడుతుంది, మైకు లేనప్పుడు అసలే ఆగదు, అందుకని అందరం రేడియో అని పిలుస్తాం, పిలిస్తే పలుకుతుంది కూడా. దీపం వెలగక ముందు నా మొహంలోకి చూసి, “మాస్టారూ, మొదటి సగం నన్ను చెయ్యనివ్వండి. మీ మొహం బాలేదు,” అంది. కాలేజీలో భాష చెప్పిన రోజుల నుంచీ ఆ మాస్టారు పిలుపు నన్ను వదల్లేదు. “మొహంతో పనేముంది, ఈ గూట్లో ఎవరికి కనిపిస్తుంది?” అన్నాను. “నాకు కనిపిస్తోందిగా, నా ఖర్మ. అసలు ఆ జబ్బు పేరు చూసి మీరీ పని ఒప్పుకోరనుకున్నా.” “అడిగి మరీ తీసుకున్నాను. గంటా నేనే చేస్తాను.” ఆవిడ నా గ్లాసులో నీళ్ళు నింపింది. ఆమెకి నా భార్య తెలుసు, జబ్బు తెలుసు, చావు తెలుసు. ఈ డాక్టరే ఆ డాక్టరని తెలీదు. తెలిస్తే కుర్చీతో సహా నన్ను బయటికి ఈడ్చేది.

“మిత్రులారా, నేను ఇవాళ ఒకే ఒక్క పేషెంటు కథ చెబుతాను,” అన్నాడు డాక్టరు. నేను ఇవాళ ఒకే ఒక్క పేషెంటు కథ చెబుతాను, అన్నాను నేను, ముందు వరుసల్లో కూర్చున్న విదేశీ అతిథుల చెవుల్లో వాళ్ళ భాషలో. “నలభై దాటిన స్త్రీ. కొన్నేళ్ళుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది.” నలభై దాటిన స్త్రీ. అంతేనా ఆవిడ? డ్రైవింగ్ స్కూల్లో టీచరు, ఈ ఊళ్ళో సగంమంది చేత మొదటిసారి బ్రేకు తొక్కించిన మనిషి. పక్క సీట్లో తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది, చెమటలు కక్కే కుర్రాళ్ళతో, బ్రేకు నా దగ్గరా ఉంది నాయనా, ఊపిరి పీల్చుకో, అనేది. నాకూ నేర్పాలని చూసింది. మలుపు ముందు ఏదో పదానికి సరైన మాట వెతుక్కుంటూ రోడ్డు మధ్య ఆపేశానని, మీరు నోటితోనే నడపండి, కారు నాకొదిలేయండి, అని తాళాలు లాక్కుంది. ఒకరోజు తనే కూడలి దగ్గర కారు ఆపి, కళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మూసుకుని చూసి, “ఏమండీ, కుడికంటికి ఆ ఎర్ర దీపం ఉతికి ఆరేసిన చీరలా వెలిసిపోయి కనిపిస్తోంది,” అంది నవ్వుతూ. అదే మొదలు. కంటి వెనక నరం వాచిందన్నారు, తర్వాత కాలు మొద్దుబారింది, తర్వాత మెదడు ఫొటోల్లో తెల్లటి మచ్చలు కనిపించాయి. ఒంటిని కాపాడాల్సిన సైన్యమే నరాల మీది పొరను కొరుక్కు తింటోందని చెప్పింది ఈ నీలం కోటే. తప్పు చెప్పలేదు. అప్పుడు తప్పు చెప్పలేదు.

నా పగకి అడ్డం పడేది ఆ కాలమే. ఎండకి ఆవిడ కాళ్ళు తేలిపోయేవి, కారు దిగి ఆసుపత్రి మెట్ల దాకా నడవలేకపోయేది, అప్పుడు ఈయనే చిన్న సుత్తి జేబులో వేసుకుని కార్ల మధ్య నుంచి నడిచి వచ్చేవాడు. సీట్లో కూర్చున్న మనిషి మోకాలి మీద తట్టి, అరికాలు గీసి, చేతులు పట్టుకుని, బాగున్నారు, కారు కడిగించండి అనేవాడు. మా ఆవిడ పగలబడి నవ్వేది. ఆ రోజుల్లోనే జబ్బుకి అద్దెవాడని పేరు పెట్టింది. మేడ మీద దిగాడండీ, ఖాళీ చెయ్యడు, చెప్పాపెట్టకుండా సామాను జరుపుతాడు, మనమే సర్దుకుపోవాలి, అనేది. వేళ్ళు తిమ్మిరెక్కిన పొద్దున, ఇవాళ బీరువా జరుపుతున్నాడు, అనేది. ఏళ్ళ తరబడి వాడితో సర్దుకుపోయాం. డాక్టరు మందు మార్చినప్పుడల్లా వాడు కొన్నాళ్ళు నిద్రపోయేవాడు. ఇదంతా నేను మర్చిపోలేదు. మర్చిపోతే పగ తేలికవుతుంది, కానీ నేను పని నేర్చుకున్నదే ఒక్క మాట కూడా జారవిడవకుండా ఉండడానికి.

“ఒక ఏడాది చివర్లో ప్రవర్తనలో మార్పులు మొదలయ్యాయి,” అంటున్నాడు. మార్పులు మొదలయ్యాయి, అంటున్నాను. నిద్ర పోయింది ముందు. వంటింట్లో కుళాయి కట్టేసి, మళ్ళీ విప్పి, మళ్ళీ కట్టేసి, వీడు నా మాటలు లెక్కపెడుతున్నాడు అంది కుళాయిని చూపించి. తర్వాత కర్టెన్లు ఎవరో మార్చారంది. తర్వాత నన్ను మార్చారంది. పొద్దున కాఫీ ఇస్తే కప్పు అందుకుని, చాలా మర్యాదగా, “మీరు బాగానే చేస్తున్నారు. ఆయనలాగే దగ్గుతున్నారు కూడా. మరి ఆయన్నెక్కడ పెట్టారు?” అని అడిగింది. బతుకంతా ఇంకొకరిలా మాట్లాడి డబ్బు తీసుకున్నవాణ్ణి, ఆ ప్రశ్న నన్నే అడిగింది. కాఫీ మాత్రం తాగింది. తాగుతూ, పంచదార సరిగ్గా వేశారండీ, ఆయన ఎక్కువ వేస్తారు, అంది. ఆ పూటకి అదే చాలనుకున్నాను, నన్ను తక్కువ చేసి నాకే ఇచ్చినదైనా, ఒక మంచి మాట.

ఈయన దగ్గరికే తీసుకెళ్ళాను. ఈసారి కారు దగ్గరికి రాలేదు, పెద్దవాడైపోయాడు, లోపల ఎదురుచూసే వాళ్ళతో గోడలు చెమటపట్టి ఉన్నాయి. పాత ఫొటోలు దీపానికి పెట్టి చూశాడు. మచ్చలున్నాయి కదండీ, ఈ చోట మచ్చలుంటే మనిషి ఇలా ప్రవర్తించడం మామూలే, దీనికి తోడు దిగులు, నిద్రమాత్ర రాస్తాను, మానసిక వైద్యుణ్ణి ఒకసారి కలవండి, అన్నాడు. అంతా పాత అద్దెవాడి మీదికే తోసేశాడు. కానీ వాడి అలికిడి నాకు తెలుసు, ఏళ్ళుగా వింటున్నాను, ఇది వాడి నడక కాదు. నాకు వైద్యం రాదు, అందుకని వచ్చిన మాటే అడిగాను. “డాక్టరుగారూ, ఇంకేదైనా అయి ఉంటుందా?” ఆయన పెన్ను మూసి, పక్కనున్న నర్సు వైపు చూసి చిరునవ్వు నవ్వి, “ఒక మనిషికి ఒక జబ్బు చాలదా మాస్టారూ? మీరు మాటలు మార్చుకోండి. జబ్బుల సంగతి నాకొదిలేయండి,” అన్నాడు. నర్సు నవ్వలేదు. తలవంచుకుని మా ఆవిడ జారిపోయిన చెప్పును కాలికి తొడిగింది. ఇప్పటికీ ఆ గది తలుచుకుంటే ముందు ఆ మాట చెవిలో పడుతుంది, తర్వాత ఆ చెప్పు తొడిగిన చేతులు కనిపిస్తాయి. చేతులు కనిపించకపోతే నేను ఏమైపోయేవాణ్ణో.

తెర మీద ఇప్పుడు రెండు గుండ్రాలు గీసి ఉన్నాయి, ఒకదాని అంచు ఇంకొకదాని మీదికి ఎక్కి. ఒక గుండ్రం పాత జబ్బు, రెండోది మెదడువాపులో ఒక రకమైన ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్. మధ్యలో రెండూ కలిసిన సన్నటి చోటు, పచ్చరంగు పూశారు, అందంగా ఉంది. “అదే సైన్యం, రెండు వేర్వేరు దాడులు,” అంటున్నాడు డాక్టరు, “ఒకటి నరాల మీది పొర మీద, రెండోది మెదడు కణాల మధ్య కబుర్లు అందుకునే ద్వారాల మీద. రెండూ ఒకే మనిషిలో కలిసి రావడం అరుదు, కానీ వస్తాయి. మొదటి జబ్బు మచ్చల చాటున రెండోది దాక్కుంటుంది. పాత జబ్బు ముదిరిందనుకుని ఊరుకుంటే మనిషి దక్కదు. వెన్నులో నీరు తీసి వెతకాలి.” ఎంత బాగా చెబుతున్నాడు. నా గొంతులో ఇంకా బాగుంది. అతిథులు రాసుకుంటున్నారు. ఊరుకుంటే మనిషి దక్కదు, అని నా నోటితో, ఎక్కడా తొణక్కుండా, కామా దగ్గర కామా పెట్టి చెప్పాను. ఆ నీరు తీసింది ఈయన కాదు. మా ఆవిడ ఒక మధ్యాహ్నం సోఫాలో కొయ్యబారి, నోట నురగ వచ్చి పడిపోతే, దగ్గర్లో ఉన్న ఏదో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ డ్యూటీలో ఉన్న పిల్ల డాక్టరు అన్నీ విని, “రెండూ ఉండొచ్చండీ, ఎందుకుండకూడదు?” అంది, అంతే, ఆశ్చర్యమేమీ లేకుండా. రెండో అద్దెవాడు దొరికాడు. అప్పటికి ఇల్లు చాలామటుకు వాడి చేతిలో ఉంది. రక్తాన్ని వడకట్టే యంత్రం పెట్టారు. కొన్ని రోజులకి ఒక పొద్దున్నే కళ్ళు తెరిచి నన్నే చూసింది, నిజంగా నన్నే, “వచ్చారా? ఇన్నాళ్ళూ ఎవర్నో పంపించారు,” అంది. ఆ వారమే గుండె లయ తప్పింది. ముందే మొదలుపెట్టి ఉంటే, అంది పిల్ల డాక్టరు, వాక్యం పూర్తి చెయ్యలేదు. సగం వాక్యాలను పూర్తి చెయ్యడం నా వృత్తి. పూర్తి చేసుకున్నాను. అప్పటి నుంచీ చేసుకుంటూనే ఉన్నాను.

ఎలా తీర్చుకోవాలో ఎన్నో రకాలుగా అనుకున్నాను. మందు మోతాదు ఒక సున్నా ఎక్కువ చెప్పి ఆయన్ని అతిథుల ముందు వెర్రివాణ్ణి చెయ్యొచ్చు. కానీ ఆ సున్నా ఎక్కడో ఒక దేశంలో ఎవరి భార్య నరంలోకో ఎక్కుతుంది, అది వద్దు. ఆయన జోకులు చెప్పినప్పుడు చప్పగా చెప్పి పరువు తియ్యొచ్చు. చూశాను, ఆయన జోకులు చప్పగానే ఉన్నాయి, నేను చెయ్యాల్సింది మిగల్లేదు. రేడియో చీటీ మీద ఏదో రాసి తోసింది. ‘ఎందుకలా పళ్ళు కొరుకుతున్నారు, మైకులో వినిపిస్తుంది.’

అప్పుడు వీడియో వచ్చింది. చదువుకునే పిల్లలకి పనికొస్తుందంటే, ఆ చెప్పు జారిన రోజే ఆయన గదిలో మా ఆవిడ తియ్యనిచ్చింది. కళ్ళ మీద నల్లపట్టీ వేశారు, మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా. ఎవరు గుర్తుపట్టరు? ఆ గడ్డం కింద పుట్టుమచ్చ, కుర్చీ చేతి మీద ఆ ఎడమ మోచెయ్యి. మూతి ఊరికే నములుతోంది. కుడిచెయ్యి గాల్లో ముందుకి, వెనక్కి, పక్కకి, మళ్ళీ ముందుకి. “ఈ చేతి కదలిక చూడండి. అర్థం లేని కదలిక, రెండో జబ్బులో ఇలాంటివి వస్తాయి.” అర్థం లేని కదలిక, అన్నాను. ఒకటో గేరు. రెండు. మూడు. మలుపొచ్చింది, మళ్ళీ రెండు. ఆ రోగం మూతిని, నిద్రని, మొగుణ్ణి అన్నీ లాక్కుంది, ఆ చెయ్యి మాత్రం ఇంకా ఎవరో భయస్తుడి పక్కన కూర్చుని బండి నడుపుతోంది. అర్థం లేదట దానికి. ఒంట్లో ఎక్కడో పాత కుంపటి ఉంది నాకు, అందులో ఎవరో గాలి ఊదారు.

తెర మీద పడ్డ తర్వాతి స్లైడులో మాటలు ఆయన కంటే ముందే చదివాను. “దురదృష్టం ఏమిటంటే, కుటుంబ సభ్యులు మార్పును గుర్తించి తీసుకురావడంలో ఆలస్యం చేశారు. నేను అనుమానించి పరీక్షలు చేయించేసరికి...” మాకు ఇక్కడ దగ్గు వస్తే నొక్కుకునే మీట ఒకటుంది, అది నొక్కి ఉంచినంతసేపు మన గొంతు బయటికి పోదు. నొక్కాను. అతిథుల చెవులు బోసిపోయాయి. ఇద్దరు ముగ్గురు తల తిప్పి గూటి వైపు చూశారు. రేడియో తన మైకు మీద చెయ్యి వేసి కనుబొమలతో అడిగింది, నేనందుకోనా? వద్దని వేలెత్తాను. మీట వదిలాను. కుటుంబ సభ్యులు ఆలస్యం చేశారు, అన్నాను. నేను అనుమానించి పరీక్షలు చేయించేసరికి, అన్నాను. ఒక్క అక్షరం మార్చలేదు. ఇన్నేళ్ళ పనిలో ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట మింగలేదు, అదొక్కటే నా ఆస్తి. దాన్ని ఊరికే ఖర్చుపెట్టకూడదు. చేతులు చల్లబడ్డాయి. చాలా హాయిగా ఉంది. పగలో ఇంత చల్లదనం ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

చప్పట్లయ్యాక ప్రశ్నలు. ఇప్పుడు దారి మారుతుంది, దానికి ఇంకో మీట ఉంది. అతిథుల మాటల్ని మన భాషలోకి తెచ్చి హాలులో వాళ్ళందరి చెవుల్లోనూ, వేదిక మీది డాక్టరు చెవిలోనూ వెయ్యాలి. మీట ఇటు తిప్పాను. ముందు వరుసలో తెల్లజుట్టు డాక్టరమ్మ లేచింది. మంచి ప్రశ్న అడిగింది, తూకం వేసినట్టు. రెండో జబ్బు ఉందేమోనన్న అనుమానం మీకు మొదటిసారి ఎప్పుడు కలిగింది? అక్షరాలా అదే ఆయన చెవిలో వేశాను. ఆవిడ కూర్చుంది. నేను ఆగలేదు. అదే గొంతుతో, అదే మర్యాదతో, “ఇంకో చిన్న ప్రశ్న. ఇంకేదైనా అయి ఉంటుందా అని ఆమె భర్త మిమ్మల్ని అడిగారు. ఆయనకి మీరేమని జవాబిచ్చారు?” అన్నాను. పక్కన రేడియో కుర్చీతో సహా నా వైపు తిరిగింది. ఆమెకి రెండు భాషలూ వచ్చు, డాక్టరమ్మ ఆ ప్రశ్న అడగలేదని ఈ హాలులో తెలిసింది మా ఇద్దరికే.

ఆయన డాక్టరమ్మ వైపు చూశాడు. చెవిలోని పరికరాన్ని సర్దుకున్నాడు. ఇప్పుడు అబద్ధమాడు, అనుకున్నాను, ఆడు, దానికి కావలసినవన్నీ కూడగట్టుకునే వచ్చాను. ఆయన నుదురు ముడేసి పైకి చూశాడు, పాఠం గుర్తు తెచ్చుకునే పిల్లాడిలా.

“భర్త అడిగారా?” అన్నాడు. “నాకు గుర్తులేదండీ. రోజుకి అంతమందిని చూస్తాం. ఏదో అని ఉంటాను. నిజంగా గుర్తులేదు.”

అబద్ధం కాదు. గొంతులు వినీ వినీ బతికినవాణ్ణి, నాకు తెలుస్తుంది. నిజంగానే గుర్తులేదు. నేను పక్కలో పెట్టుకుని పడుకున్న మాట, అన్నం ముద్దతో పాటు నమిలిన మాట, ఆయన ఆ సాయంత్రం చేతి తొడుగులతో పాటు తీసి బుట్టలో పడేశాడు. దీనికి నేను తయారై రాలేదు. మోసగాడి మీద పగ తీర్చుకోవచ్చు. మర్చిపోయినవాడికి ముందు గుర్తుచెయ్యాలి.

మీట అటు తిప్పాను. అతిథుల భాషలో, నియమం ప్రకారం, నాకు గుర్తులేదు, అన్నాను. నిజంగా గుర్తులేదు, అన్నాను. ఆయన వాక్యం అయిపోయింది. ఎర్ర దీపం ఇంకా వెలుగుతోంది. నాకు గుర్తుంది, అన్నాను.

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. రేడియో వేలు తన మీట మీద ఉంది, ఒక్కసారి నొక్కితే నా గొంతు ఆగి ఆమె గొంతు మొదలవుతుంది, ఈ పూటే కాదు, ఈ వృత్తిలో నాకు మిగిలిన పరువంతా ఆ వేలి కింద ఉంది. “మాస్టారూ,” అంది, పెదాలతోనే. నా మొహంలోకి చూసింది. వేలు తీసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

మీట ఇటు తిప్పాను. “నాకు గుర్తుంది,” అన్నాను మన భాషలో, హాలులో అందరికీ. “అడిగింది నేనే. ఆమె భర్తను. మాటలు మార్చే మనిషిని. ఆయనన్నదేమిటో, ఆ గదిలో ఎవరెక్కడ కూర్చున్నారో, మేము మొదటిసారి ఎప్పుడు వెళ్ళామో వరసగా చెబుతాను, నెమ్మదిగా చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి.” వేదిక మీద డాక్టరు తలెత్తి గూటి అద్దం వైపు చూశాడు. ఇంత దూరం నుంచి నా మొహం కనిపించదు, గొంతు మాత్రం చేరింది. ఏదో కదిలింది ఆయన మొహంలో, ఎవరో తలుపు తట్టినట్టు. చెవిలోని పరికరం తీసి బల్ల మీద పెట్టేశాడు. పెట్టనివ్వు. నిర్వాహకుడు ఎవరో మెట్లు రెండేసి ఎక్కుతూ గూటి వైపు వస్తున్నాడు. రానివ్వు, తలుపు రేడియో వైపు ఉంది, ఆవిడ లేచి దానికి వీపు ఆనించి నిలబడింది. నేను గొంతు పెంచలేదు. వాక్యం తర్వాత వాక్యం చెబుతున్నాను, ఆమెది, నాది, ఆయనది, ఎవరి మాట వాళ్ళ పేరు మీద పెట్టి, ఒక వాక్యం మన భాషలో, మీట తిప్పి అదే వాక్యం వాళ్ళ భాషలో. తెల్లజుట్టు డాక్టరమ్మ కళ్ళు మూసుకుని, చెవిలోని పరికరాన్ని వేలితో ఇంకాస్త లోపలికి నొక్కుకుంది. ఆవిడ పక్కనున్న మనిషి, ఆ పక్కనున్న మనిషి, ఒక్కొక్కరే చెవుల మీదికి చేతులు తీసుకెళ్ళి నొక్కుకుంటున్నారు.